మంగ మెడలో మాస్టర్ బిళ్ళ

దోమతెరలు అమ్ముకునే మనిషి ఒకడు మధ్యాహ్నం రెండున్నరకు మా అపార్టుమెంటు ఐదో అంతస్తు దాకా ఎక్కి, సంఘం అధ్యక్షులవారి కాలింగ్ బెల్ నొక్కి, వారి కునుకు చెడగొట్టాడు. అతను చేసిన నేరం అంతే. అధ్యక్షులవారు తలుపు తీసి చూసిన చూపుకి, కిటికీ కొలతలైనా అడక్కుండా మెట్లు దిగిపోయాడు పాపం. మర్నాడే సుదర్శన ఎన్‌క్లేవ్ నివాసుల సంక్షేమ సంఘం అత్యవసరంగా సమావేశమై "భద్రతా వైఫల్యం" అనే మాటను పదకొండుసార్లు వాడింది. మినిట్స్ రాసేది నేనే కాబట్టి లెక్క నాకు తెలుసు.

నేను ఆ సంఘానికి సహాయ కార్యదర్శిని. ఎన్నికలు జరిగిన రోజు ఊళ్ళో లేను, అందుకని ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను. వృత్తిరీత్యా పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. ఇంకొకరి తప్పులు రోజంతా చూసి చూసి నాకు చిరాకు ఎక్కువైందని మా ఆవిడ కామాక్షి అంటుంది. సంఘం మినిట్స్‌లో మాత్రం నేను ఒక్క తప్పూ దిద్దను. ఎవరేమంటే అది అన్నట్టే రాసి సంతకాలు తీసుకుంటాను.

అధ్యక్షులు గోటేటి విశ్వపతిగారు సహకార శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి డిప్యూటీ రిజిస్ట్రారుగా రిటైరయ్యారు. శాఖ ఆయన్ని వదిలింది గానీ ఆయన శాఖని వదల్లేదు. ఇంట్లో కాఫీలో పంచదార తక్కువైతే "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెడతారని వారి శ్రీమతే మా ఆవిడతో చెప్పుకుంది. ఆనాడు ఆయన దోమతెరల మీద గంటన్నర ప్రసంగించి, చివర్లో కళ్ళజోడు సవరించుకుని తీర్మానం చదివారు.

"ఇకమీదట సుదర్శన ఎన్‌క్లేవ్ ప్రాంగణంలోకి బిళ్ళ లేని ఏ ప్రాణీ ప్రవేశించరాదు. ప్రాణి అనే పదాన్ని ఉద్దేశపూర్వకంగానే వాడుతున్నాం. మనిషి అని రాస్తే రేపు ఎవడో ఒకడు లొసుగు వెతుకుతాడు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టి, ఆ తర్వాత రాసుకున్నాను.

బిళ్ళ అంటే పెద్ద వస్తువేం కాదు. రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది, ప్లాస్టిక్‌ది, తాళంచెవుల గుత్తికి తగిలించుకునేది. అద్దాల తలుపు పక్కన గోడకు ఒక మిషన్ బిగిస్తారు. దానికి బిళ్ళ తాకిస్తే కుయ్‌మంటుంది, పచ్చదీపం వెలుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఆ మిషన్ పక్కనే ఇంటర్‌కమ్, నలభై ఎనిమిది ఫ్లాట్లకు నలభై ఎనిమిది మీటలు. బిళ్ళ లేనివాళ్ళు మీట నొక్కితే ఆ ఇంట్లోవాళ్ళు మాట్లాడి, పైనుంచే తలుపు తియ్యొచ్చు. కార్ల గేటు వెనక సందులో ఉంది గానీ అక్కడినుంచి పైకి మెట్లు లేవు. ఎవరైనా సరే ఈ అద్దాల తలుపులోంచే రావాలి.

వాటిని బిగించడానికి కంపెనీ తరఫున మస్తాన్‌వలీగారు వచ్చారు. యాభై దాటిన మనిషి, నరసరావుపేట మాట, చొక్కాజేబులో పెన్ను ఉండాల్సినచోట స్క్రూడ్రైవర్. ఆయన కమిటీ ముందు నిలబడి ఒక ఎర్ర బిళ్ళ చూపించారు.

"మిషన్‌కి ముందు ఎవరూ తెలవదండీ. ఇదిగో, ఇది మాస్టర్ బిళ్ళ. దీన్ని ఒక్కసారి తాకిస్తే మిషన్ సిద్ధమవుద్ది. అప్పుడు కొత్త బిళ్ళ తాకిస్తే దాన్ని గుర్తుపెట్టుకుంటది. మాస్టర్ లేకుండా కొత్తది ఎక్కదండీ. ఒకటే జాగ్రత్త, మాస్టర్‌ని గబగబా మూడుసార్లు గనక..."

"సాంకేతిక అంశాలు అనుబంధంలో పొందుపరచండి," అన్నారు విశ్వపతిగారు. "మాస్టర్ బిళ్ళ ఎవరి అధీనంలో ఉండాలన్నదే ప్రస్తుత చర్చనీయాంశం."

చర్చ అర నిమిషంలో ముగిసింది. ముఖ్యమైన తాళంచెవులు జంధ్యానికి కట్టుకోవడం వాళ్ళ నాన్నగారి నాటినుంచీ అలవాటట. ఎర్ర బిళ్ళ కూడా అక్కడికే చేరింది.

తర్వాత వారం రోజులు నిబంధనలు తయారయ్యాయి. మొత్తం ఇరవై రెండు. సొంత ఇల్లున్నవాళ్ళకు నీలం బిళ్ళ, అద్దెవాళ్ళకు తెల్ల బిళ్ళ, పనివాళ్ళకు పసుపు బిళ్ళ, ప్రత్యేక ఆహ్వానితులకు ఆకుపచ్చ బిళ్ళ. ఏడో నిబంధన విశ్వపతిగారికి ప్రాణం. ఒకరి పేర జారీ అయిన బిళ్ళను వేరొకరు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు, వాడినచో సభ్యత్వం రద్దు. ఆ వాక్యాన్ని ఆయన రెండుసార్లు చదివారు కూడా.

అన్నీ అయ్యాక సత్తెమ్మ మిగిలింది. గోడలకు సున్నం వెయ్యకముందు నుంచీ మా మెట్ల కింద బల్ల వేసుకుని ఇస్త్రీ చేస్తోందామె. పొద్దున్నే ఐదంతస్తులూ ఎక్కి మూటలు తెచ్చుకుంటుంది, సాయంత్రానికి మడతలు పెట్టి ఎవరివి వాళ్ళకు చేరుస్తుంది. అధ్యక్షులవారి చొక్కా కాలరు అంత నిటారుగా నిలబడుతోందంటే అదంతా సత్తెమ్మ పెట్టే గంజి మహిమే. ఆమెకు పసుపు బిళ్ళ ఇవ్వాలంటే ఫారం నింపాలి. ఫారంలో "పని చేయు ఫ్లాటు నంబరు" అని ఒకే ఒక గడి ఉంది. ఆమె నలభై ఎనిమిది ఫ్లాట్లకు చేస్తుంది.

"ఒక ఫ్లాటుకు పనిచేస్తే సేవా సిబ్బంది," అన్నారు విశ్వపతిగారు. "నలభై ఎనిమిదింటికి చేస్తే వ్యాపారం. వ్యాపారులకు ప్రవేశం లేదు. దోమతెరల ఉదంతం సభ్యులకు గుర్తుండే ఉంటుంది."

"నేను మీ అంగీలు ఇస్త్రీ చేస్త గని, దోమతెరలు అమ్ముత నా సారూ?" అంది సత్తెమ్మ.

"ఆ విషయమే దరఖాస్తులో రాసివ్వమ్మా. ముప్పై రోజుల్లో పరిశీలిస్తాం."

"ముప్పై దినాలు నా పొయ్యి ఎట్ల మండాలె?"

దానికి ఫారంలో ఏ గడీ లేదు. సోమవారం నుంచి ప్రాంగణంలోకి రాకూడదని ఆమెకు కాయితం ఇవ్వమన్నారు. రాసింది నేనే. ఆమెకు చదువు రాదు కనక చదివి వినిపించిందీ నేనే. ఆమె కాయితం నాలుగు మడతలు పెట్టి రైకలో దోపుకుని, ఆరోజు బట్టలు ఆరోజే ఇచ్చేయాలని మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. నాకు నిజంగా సిగ్గేసింది. ఇంటికొస్తే కామాక్షి కంచం నా ముందు పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున ఏడూ నలభైకి ప్రారంభోత్సవ ముహూర్తం. కొత్త ద్వారం, అందులోనూ శ్రావణమాసం, అందుకని గృహప్రవేశం పద్ధతిలోనే జరిపించాలని పంతులుగారు అన్నారు. గృహప్రవేశమంటే ముందు ఆవు అడుగుపెట్టాలి. కాలనీలో ఇలాంటి వేడుకలన్నిటికీ లింగం అనే అతను తన ఆవు మంగను తోలుకొస్తుంటాడు. తెల్లటి ఆవు, పెద్ద కళ్ళు, ఫోటోలకు అలవాటుపడ్డ ముఖం.

అయితే ఆవు కూడా ప్రాణే. ఆ సంగతి విశ్వపతిగారే గుర్తుచేశారు. ఆరు గంటలకు కమిటీ నిలబడే సమావేశమై మంగకు ఆకుపచ్చ బిళ్ళ మంజూరు చేసింది. రిజిస్టరులో "పేరు: మంగ. హోదా: ప్రత్యేక ఆహ్వానితురాలు" అని నేను రాశాను. మస్తాన్‌గారు ఆ బిళ్ళనూ మిషన్‌కు పరిచయం చేసి ఎర్ర బిళ్ళ తిరిగిచ్చేశారు. ఆకుపచ్చ బిళ్ళను పసుపుతాడుతో మంగ మెడకు కట్టారు.

హాజరు తప్పనిసరి అని సర్క్యులర్ వేసినందువల్ల నలభై ఎనిమిది ఇళ్ళవాళ్ళూ గడియలు వేసుకుని కిందికొచ్చి అద్దాల తలుపు బయట నిలబడ్డారు. గుమ్మానికి రెండువైపులా అరటిచెట్లు, లోపలివైపు రెండు, బయటివైపు రెండు. మిషన్‌కు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టారు. విశ్వపతిగారు లాల్చీ పైకెత్తి జంధ్యం బయటికి లాగి ఎర్ర బిళ్ళను విప్పి పట్టుకున్నారు.

"ముమ్మారు తాకించండి," అన్నారు పంతులుగారు.

మస్తాన్‌గారు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చారు. "సార్, సార్, మూడుసార్లు వద్దండీ సార్..."

"మీకు వందన సమర్పణలో మాట్లాడే అవకాశం కల్పించాం. ఎజెండా చూసుకోండి," అని విశ్వపతిగారు ఒకసారి తాకించారు, రెండుసార్లు తాకించారు, మూడోసారి కళ్ళకద్దుకుని మరీ తాకించారు. మిషన్ అంతకుముందెన్నడూ లేనంత పొడుగ్గా ఒక కూత కూసింది. శుభసూచకమని అందరూ అక్షతలు వేశారు. మస్తాన్‌గారు తల పట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు.

లింగం మంగ మెడను మిషన్ దగ్గరకు వంచాడు. కుయ్ కుయ్‌మని రెండుసార్లు మోగి పచ్చదీపం వెలిగి తలుపు తెరుచుకుంది. మంగ లోపలికి నడిచింది. లింగానికి బిళ్ళ లేదు కాబట్టి నిబంధన ప్రకారం బయటే ఆగిపోయాడు. తలుపు మూసుకుంది.

ఆ తర్వాత విశ్వపతిగారు తన నీలం బిళ్ళ తాకించారు. ఎర్రదీపం. తుడిచి తాకించారు. ఎర్రదీపమే. నాది ఎరుపు, కోశాధికారిది ఎరుపు. వరసలో నిలబడి నలభై ఎనిమిది ఇళ్ళవాళ్ళూ తాకించారు, ఎవరికీ తలుపు తెరుచుకోలేదు. ఎవరో ఇంటర్‌కమ్ మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కారు. ఇళ్ళల్లో ఎవరైనా ఉంటే కదా. భవనం మొత్తానికి లోపలున్న ప్రాణి మంగ ఒక్కతే. అది అద్దంలోంచి మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, లోపలివైపు అరటిచెట్టు నమలడం మొదలుపెట్టింది.

చివరికి మస్తాన్‌గారే జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి రెండు నిమిషాల్లో తలుపు తెరిచారు. మా భద్రతా వ్యవస్థ రెండు నిమిషాలకే తెరుచుకుందన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికీ తట్టలేదు.

వందన సమర్పణలో ఆయనకు మాట్లాడే వంతు వచ్చింది. "మూడుసార్లు తాకిస్తే ఎక్కించినవన్నీ చెరిగిపోతయ్యండీ. మాస్టర్ కూడా పోద్ది. చెరిగాక మొట్టమొదట ఏ బిళ్ళ తగిలితే అదే కొత్త మాస్టర్. అంటే ఇప్పుడు మాస్టర్ ఆవు మెడలో ఉందండీ."

అందరి తలలూ మంగ వైపు తిరిగాయి.

"ఆ పసుపుతాడు విప్పి బిళ్ళ తీసుకుంటే సరిపోతుంది కదండీ," అన్నాను నేను.

"ఏడో నిబంధన," అన్నారు విశ్వపతిగారు. ఆయన ముఖం పాలిపోయింది గానీ వెన్ను మాత్రం నిటారుగానే ఉంది. "ఆ బిళ్ళ మంగ పేర జారీ అయింది. వేరొకరు వాడరాదు. ఆ నిబంధన రాసిన చేత్తోనే నేను దాన్ని ఉల్లంఘించలేను."

"పోనీ దాన్నే ఇంకోతూరి మూడుసార్లు తాకించి, వెంటనే మీది తాకిస్తే..." అన్నారు మస్తాన్‌గారు.

"ప్రమాదానికి కారణమైన చర్యనే పరిష్కారంగా ప్రతిపాదిస్తున్నారా?" అని, అక్కడికక్కడే ఇరవై మూడో నిబంధన రాయించారు. మాస్టర్ బిళ్ళను ఎవరూ ఎన్నడూ మూడుసార్లు తాకించరాదు.

ఏడో నిబంధన సవరించాలంటే సర్వసభ్య సమావేశం కావాలి. సమావేశానికి కోరం ఉండాలి. కొత్త నిబంధనల ప్రకారం హాజరు బిళ్ళల ద్వారానే తీసుకోవాలి. మంగళవారం హాలు నిండా జనం కూర్చున్నారు. మిషన్ లెక్కలో హాజరు సున్నా. కోరం లేనందున సమావేశం వాయిదా పడిందని నేను రాసుకుంటుంటే, హాజరైన డెబ్భైమంది నా వైపు చూశారు.

కాబట్టి ముందు బిళ్ళలు ఎక్కించాలి. బిళ్ళలు ఎక్కించాలంటే మంగ రావాలి.

"ఇది శ్రావణం సారూ," అన్నాడు లింగం. "మంగకు దినాం మూడు గృహప్రవేశాలున్నయి. పొద్దుగాల తొమ్మిదింటికి అరగంట తోలుకొస్త, గంతే."

అరగంటలో ఎన్ని ఎక్కించొచ్చని మస్తాన్‌గారిని అడిగితే, మనుషులతో అయితే వంద ఎక్కించొచ్చు అన్నారు. మంగ మెడ మిషన్‌కు తగిలిన పది సెకన్లలో కొత్త బిళ్ళ తగలాలి. మంగ తల తిప్పేది. తోకతో కోశాధికారి కళ్ళజోడు ఎగరగొట్టింది. మొదటిరోజు ఒక్క బిళ్ళా ఎక్కలేదు. రెండోరోజు ఒకటి ఎక్కింది. అది రెండో అంతస్తు అద్దెవాళ్ళది, వాళ్ళు ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేశారు.

ఈలోగా ఇంట్లోకి రావడానికి అందరికీ ఇంటర్‌కమ్ ఒక్కటే దారి. మాది నూట ఒకటో ఫ్లాటు, మొట్టమొదటి మీట. ఎవరొచ్చినా వేలు దాని మీదే పడేది. మా ఆవిడ పొయ్యి దగ్గరనుంచి గోడ దగ్గరకు, గోడ దగ్గరనుంచి పొయ్యి దగ్గరకు తిరిగి తిరిగి, "మీ సంఘాన్ని తగలెయ్య" అని ఇంటర్‌కమ్‌లోనే అనేది. బయట నిలబడ్డ అధ్యక్షులవారు అది రెండుసార్లు విన్నారు.

బుధవారం సత్తెమ్మ కూడా మీట నొక్కింది. "అమ్మా, నేను. రెండు మూటలు తీస్కపోత." కామాక్షి మరో మాట లేకుండా తలుపు తీసింది. గంటలో నాకు ఆదేశం వచ్చింది, ఏ వర్గానికీ చెందని వ్యక్తిని లోపలికి అనుమతించిన నూట ఒకటో ఫ్లాటువారికి సంజాయిషీ నోటీసు ఇవ్వమని. సహాయ కార్యదర్శిగా నోటీసు నేనే రాశాను. నూట ఒకటో ఫ్లాటు యజమానిగా నేనే అందుకున్నాను. సంజాయిషీ రాసి నాకు నేనే సమర్పించుకున్నాను. అది సంతృప్తికరంగా లేదని కమిటీ అభిప్రాయపడింది.

ఆ సంగతి తెలిసి సత్తెమ్మ మళ్ళీ మీట నొక్కలేదు. "నా కోసం మీకెందుకమ్మా మాటపడుడు," అందట కామాక్షితో. రోడ్డు అవతల ట్రాన్స్‌ఫార్మర్ గోడ పక్కన బల్ల వేసుకుంది. అక్కడ ప్లగ్గు లేదు కనక ఎక్కడినుంచో పాత బొగ్గుల పెట్టె తెచ్చుకుంది. ఎండ నెత్తిమీదే. కిందికి మోసుకెళ్ళే ఓపిక లేక సగం ఇళ్ళవాళ్ళు బట్టలు వెయ్యడం మానేశారు. గురువారానికి ఆమె బల్ల మీద నాలుగే మూటలు ఉన్నాయి. నేను మా దుప్పట్లు, కర్టెన్లు కూడా తీసుకెళ్ళి ఇచ్చాను. దుప్పట్లకు ఇస్త్రీ ఎందుకని ఆమె అడిగింది. నేను ఏదో గొణిగి వచ్చేశాను.

శుక్రవారం తొమ్మిదింటికి లింగం మంగను తోలుకొచ్చాడు. అద్దాల తలుపు ముందు అందరూ బిళ్ళలు పట్టుకుని వరసలో ఉన్నారు. మంగ తలుపు దాకా వచ్చి, ముక్కు పైకెత్తి, గిరుక్కున తిరిగి రోడ్డు దాటింది. సత్తెమ్మ బల్ల పక్కన బకెట్ నిండా చిక్కటి గంజి ఉంది. మంగ మూతి అందులో పెట్టింది. అరగంట పాటు అడుగు కదపలేదు, తల తిప్పలేదు, తోక కూడా ఊపలేదు. సత్తెమ్మ దాని గంగడోలు నిమురుతూ నిలబడింది.

వరసలో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చింది. గంజి బకెట్‌తో సత్తెమ్మను తలుపు దగ్గరకు పిలుచుకు రమ్మని నన్ను పంపారు.

"మెట్ల కింద నా జాగ నాకియ్యుండ్రి, వస్త," అంది సత్తెమ్మ. రైకలోంచి కాయితం తీసి నా చేతికిచ్చింది. "లోపటికి రావద్దని మీరే రాసిన్రు గద. సదువుండ్రి మల్లొకసారి."

చదవలేదు. తిరిగొచ్చి ఆమె అన్నది అన్నట్టే అధ్యక్షులవారికి చెప్పాను. లోపల్లోపల నాకెంత సంతోషంగా ఉందో మాత్రం చెప్పలేదు.

విశ్వపతిగారు వేళ్ళు మడుస్తూ ఆలోచించారు. "ఆవిడ స్థలం విధానపరమైన అంశం. అది సర్వసభ్య సమావేశమే తేల్చాలి. సమావేశానికి కోరం కావాలి. కోరానికి బిళ్ళలు కావాలి. బిళ్ళలకు మంగ నిలబడాలి. మంగ నిలబడాలంటే గంజి కావాలి. గంజి కావాలంటే ఆవిడ రావాలి. ఆవిడ రావాలంటే స్థలం..." అని బొటనవేలు దగ్గర ఆగిపోయారు.

"కాబట్టి?" అన్నాను.

"కాబట్టి మిషన్‌ను ఆవు దగ్గరకు తరలిస్తున్నాం."

మస్తాన్‌గారు నోరు తెరిచారు, మళ్ళీ ఎజెండా గుర్తొచ్చి మూసుకున్నారు. స్క్రూడ్రైవర్ తీసి గోడకున్న మిషన్ ఊడదీశారు. సత్తెమ్మ బల్ల పక్కన ఒక కర్ర పాతి, దానికి బిగించి, బ్యాటరీ పెట్టి నడిపించారు. మంగ గంజి తాగుతూనే ఉంది. కుయ్, కుయ్. శనివారం పొద్దున అరగంట ముగియవచ్చేసరికి నలభై బిళ్ళలు ఎక్కాయి. పచ్చదీపం వెలిగినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. పై అంతస్తు పెద్దాయన ఒకరు కళ్ళు తుడుచుకున్నారు. "చారిత్రాత్మకమైన రోజు," అని విశ్వపతిగారు రాయించారు.

ఇటువైపు అద్దాల తలుపు బార్లా తెరిచి ఉంది. "మిషన్ లేకపోతే లాకు పడదండీ," అన్నారు మస్తాన్‌గారు నాతో మాత్రమే, మెల్లిగా. బిళ్ళలు ఎక్కించుకున్నవాళ్ళు వాటిని చేత్తో గట్టిగా పట్టుకుని, ఆ తెరిచిన తలుపులోంచి ఎంతో గర్వంగా లోపలికి వెళ్తున్నారు.

సత్తెమ్మ చాలాసేపు ఆ తలుపు వైపు చూసింది. తర్వాత బొగ్గులు ఆర్పింది. బల్ల మడిచి చంకన పెట్టుకుంది, మూట నెత్తిన పెట్టుకుంది, మరో చేత్తో గంజి బకెట్ పట్టుకుంది. తిన్నగా రోడ్డు దాటి, తలుపు దాటి, మెట్ల కిందికి వెళ్ళి బల్ల వేసి, మూటలోంచి కరెంటు పెట్టె తీసి ప్లగ్గులో పెట్టింది.

"ఆగమ్మా! బిళ్ళ ఏదీ?" అని విశ్వపతిగారు వెనకే పరుగెత్తారు.

నా జన్మలో మొదటిసారి సంఘం కాయితం మీద నా వృత్తి చూపించాను. "మూడో నిబంధన సార్. ద్వారం వద్దగల మిషన్‌కు బిళ్ళ తాకించకుండా ప్రవేశించరాదు. ద్వారం దగ్గర మిషన్ లేదు. ఉల్లంఘన జరగలేదు."

ఆయన ఆ వాక్యాన్ని కళ్ళజోడుతో చదివారు, కళ్ళజోడు తీసి చదివారు. తను రాసిందే. ముప్పై నాలుగేళ్ళలో ఆయన రాసిన వాక్యాన్ని ఎవరూ ఆయనకే చదివి వినిపించలేదనుకుంటాను. "సాంకేతికంగా..." అని ఆగిపోయారు.

ఈలోగా బకెట్ వెంట మంగ కూడా లోపలికొచ్చేసింది. ఇంకా ఎనిమిది బిళ్ళలు మిగిలే ఉన్నాయి. ఆవు ఎక్కడుంటే మిషన్ అక్కడ ఉండాలని శుక్రవారమే తీర్మానం అయింది. మస్తాన్‌గారు కర్ర పీకి, మిషన్‌ను తెచ్చి మెట్ల కింద గోడకు, సరిగ్గా సత్తెమ్మ బల్ల పక్కన బిగించారు.

నలభై ఎనిమిదీ పూర్తయ్యాక దాన్ని మళ్ళీ గుమ్మం దగ్గరకు మార్చొచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అన్నాను. కానీ బిళ్ళలు పారేసుకునేవాళ్ళు, కొత్తగా అద్దెకొచ్చేవాళ్ళు రోజూ ఉంటారు. వాళ్ళకు మంగ కావాలి. మంగ నిలబడేది అక్కడే. పైగా అప్పటికి కోరం దొరికింది. నలభై ఐదుమంది హాజరుతో సర్వసభ్య సమావేశం జరిగింది. ఏడో నిబంధన సవరిద్దామని మస్తాన్‌గారు వెనక వరసలోంచి చెయ్యెత్తారు. సభ్యుడు కానందున ఆయన చెయ్యి లెక్కకు రాలేదు. విశ్వపతిగారి ప్రతిపాదన మాత్రం ఏకగ్రీవంగా నెగ్గింది. ద్వారం అనగా మిషన్ ఉన్న చోటు. మిషన్‌కు ఇవతల ఉన్నది బయట, తాకించిన తర్వాతదే లోపల.

అప్పటినుంచి సుదర్శన ఎన్‌క్లేవ్ అధికారిక ముఖద్వారం మెట్ల కింద గోడ. వీధిలోంచి వచ్చినవాళ్ళు తెరిచిన అద్దాల తలుపు దాటి, హాలు దాటి, లిఫ్టు దాటి, మెట్ల కింద సత్తెమ్మ బల్ల దాకా వెళ్ళి, వంగి బిళ్ళ తాకిస్తారు. కుయ్‌మంటుంది. అప్పుడు ప్రవేశించినట్టు. తిరిగి లిఫ్టు దగ్గరకు వస్తారు. ఎలాగూ వచ్చేటప్పుడు అక్కడిదాకా వెళ్ళాలి కదా అని, పొద్దున దిగేటప్పుడు బట్టల మూట ఆమెకు ఇచ్చిపోయి, వచ్చేటప్పుడు ఇస్త్రీ మడతలు తీసుకెళ్తారు. సత్తెమ్మకు ఇప్పుడు ఐదంతస్తులూ ఎక్కే పని లేదు. బల్ల మీద మూటలు పెట్టడానికి చోటు చాలడం లేదు. నెల తిరిగేసరికి వచ్చిన భద్రతా నివేదికలో "ఒక్క అనధికార ప్రవేశమూ నమోదు కాలేదు" అని ఉంది. అది నిజమే.

నేను రాసిపెట్టిన సత్తెమ్మ దరఖాస్తుకు ముప్పై రోజులు నిండాయి. కమిటీ సానుభూతితో పరిశీలించింది. గడిలో ఫ్లాటు నంబరు రాయకపోయినా పరవాలేదని ఒక మినహాయింపు ఇచ్చి, పసుపు బిళ్ళ మంజూరు చేసింది. విశ్వపతిగారు మంజూరు పత్రాన్ని స్వయంగా బజారుకు తీసుకెళ్ళి లామినేషన్ చేయించుకుని, వీధిలోంచి నేరుగా మెట్ల కిందికి వచ్చారు. సాక్షి సంతకానికి నన్నూ పిలిచారు. సత్తెమ్మ ఆయన చొక్కా కాలరే ఇస్త్రీ చేస్తోంది.

"సత్తెమ్మా, సంఘం నీ విన్నపాన్ని మన్నించి నీకు ప్రవేశార్హత కల్పించింది," అని ఆయన పత్రమూ, బిళ్ళా చేతులు చాచి అందించారు. "ఇదిగో. తాకించుకుని లోపలికి రా."

సత్తెమ్మ పెట్టె పక్కన నిలబెట్టింది. బిళ్ళను చూసింది, గోడకున్న మిషన్‌ను చూసింది, దానికి అటువైపు నిలబడ్డ అధ్యక్షులవారిని చూసింది.

"నేను ఎప్పుడో లోపటనే ఉన్న సారూ," అంది. "మీరే ఇంక బయటున్నరు. ముందుగాల మీది తాకియ్యుండ్రి."

విశ్వపతిగారు జేబులు తడుముకున్నారు. ఒక జేబు, రెండో జేబు, లాల్చీ లోపలి జేబు. బిళ్ళ దొరికేదాకా ఆయన అక్కడే, మిషన్‌కు అటువైపే నిలబడ్డారు.